పిల్లకి క్లాసు పాఠం ముందే వచ్చేస్తోందా? స్కూల్‌తో ఎలా మాట్లాడాలి, ఏం అడగాలి

మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో, సాయంత్రం వాకింగ్‌లో, ఆఖరికి ఉగాది ఫంక్షన్‌లో పులిహోర లైన్లో కూడా నన్ను అడిగేది ఒకటే ప్రశ్న. "క్లాసులో చెప్పేదంతా ముందే తెలుసంటున్నాడండీ, బోర్ అంటున్నాడు. గిఫ్టెడ్ ఏమో అని డౌటు. టెస్ట్ ఎక్కడ చేయించాలి?" బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు మనవాళ్లు ఎక్కువ కదా. అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో పద్నాలుగేళ్లుగా ప్రైమరీ క్లాసులు చెబుతున్నాను కాబట్టి అందరికీ నేనే దొరుకుతాను. ప్రతిసారీ నిలబడి ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకచోట రాసేద్దామని కూర్చున్నాను.

టెస్ట్ సంగతి ఏడో అడుగులో వస్తుంది. చాలామందికి అంతదాకా వెళ్లే అవసరమే రాదు. స్కూల్ మీ పిల్లని "గిఫ్టెడ్" (ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్ల) అని ఒప్పుకున్నా సోమవారం లెక్కల పీరియడ్‌లో చేతికొచ్చే వర్క్‌షీట్ అదే అయితే ఏం లాభం? ఆ వర్క్‌షీట్ మారాలి. దాన్ని మార్పించడం గురించే ఇదంతా. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా పనికొస్తుంది. ఎల్‌కేజీ, యూకేజీ వాళ్లయితే కాస్త ఆగండి. ఆ వయసులో ఈరోజు ముందున్న పిల్ల ఏడాది తిరిగేసరికి మిగతావాళ్లతో కలిసిపోవచ్చు, వెనకున్నవాడు దూసుకెళ్లనూ వచ్చు.

కావలసినవి

- ఒక చిన్న నోట్‌బుక్, రెండు వారాల ఓపిక.
- పిల్ల సొంతంగా చేసిన పనులు ఐదారు. బొమ్మ, కథ, లెక్క, లెగోతో కట్టింది, ఏదైనా సరే. తేదీ వేసి పెట్టండి. తప్పులున్నవి కూడా ఉండాలి, దిద్ది ఫెయిర్ చేయించొద్దు.
- ఇప్పటి తరగతిదీ, పై తరగతిదీ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు. ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీది ఐసీఎస్‌ఈ అయినా, స్టేట్ సిలబస్ అయినా ఈ పనికి ఇవి చాలు.
- ఈ ఏడాది కళ్లు, చెవులు చూపించి ఉండాలి. ఎందుకో నాలుగో అడుగులో చెబుతాను.
- క్లాస్ టీచర్‌తో విడిగా 20 నిమిషాలు.
- ఇంట్లో ఒక ఒప్పందం: ఈ రెండు వారాలు అమ్మమ్మలు, తాతయ్యలతో సహా ఎవరూ పిల్ల ముందు ఈ మాట ఎత్తకూడదు. జాబితాలో అన్నిటికంటే కష్టమైంది ఇదే.

1. నేర్పితే వచ్చినదాన్నీ, తనంతట తను పట్టుకున్నదాన్నీ వేరు చేయండి

మన ఇళ్లలో తెలివికి కొలబద్ద జ్ఞాపకశక్తి. ఏకసంథాగ్రాహి అంటే మనకి అంత గౌరవం మరి. మూడేళ్లకే ముప్పై వేమన పద్యాలు, నాలుగేళ్లకి దేశాల రాజధానులు, ఐదేళ్లకి ఇరవయ్యో ఎక్కం. మంచివే, కాదనను. కానీ అవన్నీ ఎవరో కూర్చోబెట్టి నేర్పినవి. నేర్పని సంగతి ఎదురైనప్పుడు ఏం చేస్తారన్నదే టీచర్‌గా నాకు కావాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. మూడో తరగతికి తీసివేతలు చెబుతున్నాను. బోర్డు మీద 1000 – 357. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకునే పద్ధతి అంతకుముందే చూపించాను. ఒకడు మాత్రం 999 – 357 అని వేసి, 642 రాసి, దాని పక్కన ఒకటి కలిపి 643 అని గీత గీశాడు. ఇదేంట్రా అన్నాను. "సున్నాల దగ్గర అప్పు ఏం దొరుకుతుంది మ్యామ్? అందుకే వెయ్యిలోంచి ఒకటి తీసి పక్కన పెట్టా. చివర్లో ఇచ్చేశా." వాడికి అప్పటికి పన్నెండో ఎక్కం కూడా తడబడకుండా రాదు. అదే వరసలో అబాకస్ నాలుగు లెవెల్స్ చేసిన పాప రెండు సెకన్లలో జవాబు చెప్పేసింది. ఎలా వచ్చిందమ్మా అంటే వేళ్లు గాల్లో ఆడించి చూపించింది. పాప బాగా సాధన చేసింది, మెచ్చుకోవాల్సిందే. అయితే అప్పు లెక్కలు ఇంకో నలభై ఇస్తే ఆ పాపకి నష్టం లేదు, వాడికి మాత్రం నరకం. నేను వేరే పని వెతకాల్సింది వాడికే.

ఇంట్లో ఇలా చూడండి. తనకి అసలు తెలియని ఆట ఒకటి నేర్పండి. పులి-మేక, వామనగుంటలు, ఏదైనా సరే. రూల్స్ ఒక్కసారే చెప్పండి. గెలిచిందా ఓడిందా అన్నది పక్కన పెట్టి, మూడో ఆటకి ఏం అడుగుతోందో వినండి. "పులి ఇంకోటి ఉంటే మేకలకి గెలిచే దారే ఉండదా?" లాంటి ప్రశ్న వస్తే రాసి పెట్టుకోండి. ఆట రూలునే మార్చి చూడాలనిపించడం నేను లెక్కలోకి తీసుకునే గుర్తు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఇంగ్లీష్. గలగలా ఇంగ్లీష్ మాట్లాడే పిల్ల తెలివైనదిగా కనబడుతుంది. నిన్నటిదాకా అనంతపురంలోనో, నెల్లూరులోనో చదివి ఇక్కడికొచ్చిన పిల్లకి క్లాసులో ఇంగ్లీష్, పక్కన కన్నడ, ఇంట్లో తెలుగు. ఆ మొదటి ఏడాది నోరు విప్పకపోతే మందకొడి అనుకుంటాం. కాబట్టి ఈ పరిశీలనంతా తెలుగులోనే చేయండి.

2. రెండు వారాలు రాయండి

నాలుగు గడులు చాలు: తేదీ, ఏం జరిగింది, పిల్ల అన్న మాట ఉన్నదున్నట్టుగా, ఎవరైనా సాయం చేశారా. మీ అభిప్రాయానికి గడి లేదు.

"చాలా షార్ప్, లాజికల్‌గా ఆలోచిస్తుంది" అని రాస్తే మాకు దేనికీ పనికిరాదు. ప్రతి అమ్మా అలాగే అంటుంది, అనాలి కూడా. ఇలా రాయండి: "మంగళవారం. బస్సు దిగగానే అడిగింది, సున్నా సరి సంఖ్యా, బేసి సంఖ్యా అని. నేను చెప్పలేదు. రాత్రి అన్నం తింటూ తనే అంది: 8, 6, 4, 2, ఇలా రెండు రెండు తగ్గుతూ వస్తే తర్వాత సున్నానే కదా, మరి సరి సంఖ్యే. సాయం: లేదు."

నచ్చనివి కూడా రాయండి. ఆటలో ఓడిపోయి బోర్డు విసిరేసింది, రెండు లైన్లు రాయమంటే ఏడ్చింది, వాటర్ బాటిల్ మూడోసారి పోగొట్టింది. లెక్కల దగ్గర పదేళ్లదానిలా, ఓడిపోయినప్పుడు ఐదేళ్లదానిలా ఉండటం ఇలాంటి పిల్లల్లో మామూలే. టీచర్ అడిగే మొదటి ప్రశ్న కూడా దీని గురించే.

సరిచూసుకోండి: రెండు వారాలయ్యాక "సాయం: లేదు" అన్నవి ఎన్నో లెక్కపెట్టండి. నాలుగైదుకి మించి లేకపోతే స్కూల్ దాకా వెళ్లొద్దు. చురుకైన పిల్ల, సంతోషంగా ఉంది, అంతే. ఆరు నెలలాగి మళ్లీ చూడండి. ఈ నాలుగైదు అన్నది నా అనుభవం మీద పెట్టుకున్న గీత, ఎక్కడా రాసి ఉన్న నియమం కాదు.

3. ఎంత ముందుందో కొలవండి

ముందుంది అంటే సరిపోదు, ఎందులో ఎంత అన్నది కావాలి. ఇప్పటి తరగతి పుస్తకంలో స్కూల్లో ఇంకా మొదలుపెట్టని పాఠం తీసుకోండి. దాని చివర్నుంచి పది లెక్కలు రాసివ్వండి. నేర్పొద్దు, హింట్ ఇవ్వొద్దు. 25 నిమిషాలు. ఎనిమిదీ అంతకుమించీ సరైతే ఆ పాఠం ముందే వచ్చేసినట్టు. ఇంకో రోజు ఇంకో పాఠం. మూడు పాఠాలు ఇలాగే దాటితే పై తరగతి పుస్తకం తీయండి. సగం తప్పులు వస్తున్న చోట ఆపేయండి. ఆ పాఠం పేరు రాసుకోండి, టీచర్‌కి అదే చెప్పాలి.

చదవడం చూడాలంటే గడగడా చదివించొద్దు. గడగడా చదివి ఒక్క ముక్క అర్థం కాని పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. తెలియని కథ రెండు పేజీలు మనసులో చదవమని, పుస్తకం మూసేసి, "వాడు అబద్ధం ఎందుకు చెప్పాడంటావు?" లాంటిది అడగండి. జవాబు ఏ భాషలో చెప్పినా సరే.

జాగ్రత్త: మార్కులు పిల్లకి చెప్పొద్దు, ఫ్యామిలీ గ్రూపులో అసలే పెట్టొద్దు. మధ్యలో కంతలు కనిపిస్తే కంగారు పడొద్దు. ఐదో తరగతి భిన్నాలు చేసే మూడో తరగతి పిల్లకి గడియారంలో "పావు తక్కువ ఏడు" తెలియకపోవచ్చు. రాసుకోండి, ఆ కంత పూడ్చుకోవాలి.

4. "బోర్" అన్న మాటని నమ్మేయకండి

పిల్లలకి ఆ మాట చాలా వాటికి పనికొస్తుంది. ముందే తెలుసు కాబట్టి బోర్. ఏమీ అర్థం కావట్లేదు కాబట్టి బోర్. బోర్డు కనపడట్లేదు, పక్కన కూర్చునేవాడు గిల్లుతున్నాడు, ఫ్రెండ్ సెక్షన్ మారిపోయింది, అన్నిటికీ బోరే. నా క్లాసులో "బోర్" అని కిటికీలోకి చూస్తూ కూర్చున్న ఒకడికి కళ్లజోడు వచ్చాక ఆ బోర్ పోయింది. అందుకే కళ్లు, చెవులు ముందే చూపించమన్నాను.

ఇంకో రకం పిల్లలున్నారు. మాట చూస్తే ఐదో తరగతి, రాత చూస్తే ఒకటో తరగతి. నోటితో అడిగితే అద్భుతంగా చెబుతారు, కాగితం ఇస్తే అక్షరాలు తారుమారు, సగం పదాలు మాయం. వీళ్లని బద్ధకం కింద కొట్టేస్తారు. పదునైన బుర్రా, డిస్లెక్సియా లాంటి చదవడం, రాయడంలో ఇబ్బందీ రెండూ ఒకే పిల్లలో ఉండొచ్చు. ఒకటి ఇంకోదాన్ని కప్పేయడంతో మార్కులు సగటుగా వస్తాయి, ఎవరికీ అనుమానం రాదు. మీ నోట్‌బుక్‌లో ఇలాంటి తేడా కనిపిస్తే ముందు చదువులో ఇబ్బందులకి అసెస్‌మెంట్ చేయించండి. హోసూర్ రోడ్డులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో పిల్లల విభాగం ఉంది. స్కూల్ స్పెషల్ ఎడ్యుకేటర్‌ని అడిగినా దారి చెబుతారు.

నేను పట్టుకోలేకపోయిన పిల్ల సంగతి కూడా చెప్పాలి. నాలుగో తరగతి, వెనక బెంచీ, మార్కులు పదికి ఏడు. చెయ్యి ఎత్తేది కాదు. నేను "మామూలు" లెక్కలో వేసేశాను. డిసెంబరులో నోట్సులు దిద్దుతుంటే ఆ పాప పుస్తకం చివరి పేజీలు తెరుచుకున్నాయి. మెట్రో మ్యాప్. పర్పుల్ లైనూ గ్రీన్ లైనూ మెజెస్టిక్ దగ్గర కలుస్తాయి కాబట్టి ఎక్కడినుంచి ఎక్కడికైనా ఒక్కసారి మారితే చాలని కింద రాసుకుంది. అప్పటికి ఎల్లో లైన్ ఇంకా మొదలవలేదు. అది వచ్చి ఒక్క గ్రీన్ లైన్‌నే తాకితే పర్పుల్ వాళ్లు రెండుసార్లు మారాలి, రెండిటినీ తాకేలా వేస్తే ఒక్కసారితో సరిపోతుందని గీతలు గీసి చూపించింది. జూన్ నుంచి డిసెంబరు దాకా ఆ పిల్లకి నేను సగటు పిల్ల వర్క్‌షీట్లే ఇస్తూ వచ్చాను. అడిగితే "క్లాసులో చెప్పేది కాదు కదా మ్యామ్, అందుకని వెనక రాసుకున్నా" అంది. అప్పట్నుంచి ప్రతి నోట్సూ వెనకనుంచి తెరుస్తాను. మీరూ ఈరోజే తెరిచి చూడండి.

5. టీచర్ దగ్గరికి ఎలా వెళ్లాలి

పేరెంట్ మీటింగ్ రోజు వద్దు. వెనక ఇరవై మంది లైన్లో ఉంటారు, మీకు దొరికేది ఐదు నిమిషాలు. డైరీలోనో, స్కూల్ యాప్‌లోనో రాయండి: "ఒక విషయం మాట్లాడాలి మ్యామ్, ఈ వారంలో మీకు వీలైన 20 నిమిషాలు చెప్పగలరా?"

వెళ్లాక మొదటి వాక్యం: "క్లాసులో తను ఎలా ఉంటుంది మ్యామ్?" ఇక పది నిమిషాలు మీరు వినాలి. ఇంట్లో కనపడే పిల్లా, 38 మందిలో కనపడే పిల్లా ఒకటి కాదు. తర్వాత నోట్‌బుక్‌లోంచి మూడు సంఘటనలు, రెండు పనులు చూపించండి. మొత్తం ఫైలు టేబుల్ మీద గుమ్మరించకండి.

అనకూడని మాటలు రెండు. "మా పాప గిఫ్టెడ్ మ్యామ్." ఆ మాట వినగానే మాకు బిగుసుకుపోతుంది, దాచడం ఎందుకు. "మీ క్లాసు బోర్ అంటోంది" అన్నది రెండోది. ఆ తర్వాత మీరు చెప్పేది ఏదీ ఎక్కదు. ఇలా అనండి: "భిన్నాల పాఠం ఇంకా మొదలవలేదు కదా, ఇంట్లో అవి సొంతంగా చేసేస్తోంది. ఇవిగో. ఆ పాఠం జరిగే రోజుల్లో తనకి ఇంకేదైనా పని ఇవ్వడానికి వీలవుతుందా?" ఒక సబ్జెక్టు, ఒక పాఠం, ఆరు వారాలు. అంత చిన్నది అడిగితే కాదనే టీచర్ అరుదు. "ప్రత్యేక శ్రద్ధ పెట్టండి" అంటే మాత్రం తలూపి పంపించేస్తాం, ఎందుకంటే దాన్ని ఎలా చేయాలో మాకూ తెలియదు.

స్కూల్లో ఇలాంటి పిల్లలని గుర్తించే పద్ధతి ఏమైనా ఉందా అని అడగండి. ఉంటే ఇంకో ప్రశ్న: "అందరు పిల్లలనీ చూస్తారా, అడిగినవాళ్లనేనా?" మంచి పద్ధతి అయితే క్లాసు మొత్తానికీ ఒక రీజనింగ్ పరీక్ష పెట్టి, దానికి టీచర్ గమనించినదీ, పిల్ల చేసిన పనులూ, తల్లిదండ్రుల మాటా కలిపి చూస్తారు. ఒక్క మార్కుల లిస్టు మీదో, ఒలింపియాడ్ ర్యాంకు మీదో తేల్చరు. అడిగినవాళ్లనే చూసే చోట మెట్రో పాప లాంటివాళ్లు ఎప్పటికీ దొరకరు.

చట్టం ఉందా అని అడుగుతారు. జాతీయ విద్యా విధానం 2020లో ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లలకి అదనపు మెటీరియల్, ప్రాజెక్టులు, క్లబ్బులు ఉండాలని, టీచర్లకి అందులో శిక్షణ ఇవ్వాలని రాశారు. అది విధానమే, హక్కు కాదు. ప్రిన్సిపాల్ దగ్గర ఆ పేజీ ప్రింటు తీసి పెడితే పని జరగదు. క్లాస్ టీచర్ మీ వైపు ఉంటే జరుగుతుంది.

6. ఏం అడగాలి

తేలికైన దాంట్లోంచి కష్టమైన దాంట్లోకి వెళ్దాం.

ముందు పరీక్ష, తర్వాత మినహాయింపు. నా ఓటు దీనికే. పాఠం మొదలయ్యే రోజే చివరి ఐదు కష్టమైన లెక్కలు ఇస్తాను, అందరికీ. అవి సరిగ్గా చేసినవాళ్లకి మిగతా ముప్పై లెక్కలు మాఫీ. ఆ పీరియడ్లలో వాళ్ల పని వేరు. ఒకసారి బీఎంటీసీ 500-డి బస్సు హెబ్బాళ నుంచి సిల్క్‌బోర్డ్‌కి ఎందుకు ఆలస్యమవుతుందో కనుక్కోమన్నాను. ఏ సమయానికి ఎంతసేపు పడుతోందో ఇంట్లోవాళ్లని అడిగి, పట్టిక వేసి, గ్రాఫ్ గీశారు. దీనికి డబ్బు అక్కర్లేదు, టైమ్‌టేబుల్ మారక్కర్లేదు, "గిఫ్టెడ్" అన్న మాట కూడా అక్కర్లేదు.

గుంపు. సెక్షన్లన్నిట్లోంచి ఇలాంటివాళ్లు ముగ్గురు నలుగురు వారానికి రెండు పీరియడ్లు కలిసి పనిచేయడం. క్లాసులో ఒక్కత్తే అలా ఉన్న పిల్లకి తనలాంటిది ఇంకొకత్తి దొరకడం పెద్ద ఊరట.

ఒక్క సబ్జెక్టుకి పై క్లాసు. మూడో తరగతి పిల్ల లెక్కలకి మాత్రం నాలుగులో కూర్చోవడం. రెండు క్లాసుల లెక్కల పీరియడూ ఒకే టైముకి ఉండాలి, అక్కడే చాలా స్కూళ్లు చేతులెత్తేస్తాయి. ఐదో తరగతి తర్వాత ఏం చేస్తారో కూడా ఇప్పుడే అడగండి. ఆరులో మళ్లీ అదే పాఠం రెండోసారి వినాల్సి వస్తే చేసిందంతా వృథా.

డబుల్ ప్రమోషన్, అంటే ఒక క్లాసు దాటేసి పై క్లాసుకి వెళ్లడం. మన నాన్నల కాలంలో మామూలు విషయం. ఇప్పుడు వయసు లెక్కల వల్ల స్కూళ్లు భయపడతాయి. సరైన పిల్లని ఎంచి చేస్తే జనం అనుకున్నంత నష్టం లేదని పరిశోధనలు చెబుతున్నాయి, నేనూ పూర్తిగా వ్యతిరేకిని కాదు. కానీ అన్ని సబ్జెక్టుల్లోనూ ముందుండాలి, రాత వేగం ఉండాలి, పిల్ల తనే ఇష్టపడాలి. ఒక నెల పై క్లాసులో కూర్చోబెట్టి చూసి, అప్పుడు కాగితాల మీద పెట్టించండి. ఇంకో లెక్క ఎవరూ చూసుకోరు: నీట్ ద్వారా మెడిసిన్‌లో చేరాలంటే ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. ఒక క్లాసు దూకిన పిల్ల ఇంటర్ అయ్యాక ఖాళీగా కూర్చోవాల్సి రావచ్చు. పుట్టిన తేదీ పెట్టుకుని ఇప్పుడే లెక్కవేయండి.

స్కూల్ ఇస్తానన్నా వద్దనాల్సినవి కొన్ని. "తొందరగా అయిపోయిందా, అయితే ఇంకో రెండు పేజీలు చెయ్" అనడం అన్నిటికంటే చెడ్డది. త్వరగా చేస్తే శిక్ష అని పిల్లకి అర్థమైపోతుంది, వారంలో నెమ్మదిగా చేయడం నేర్చుకుంటుంది. రోజూ "చిన్న టీచర్"ని చేసి వెనకబడ్డవాళ్లకి చెప్పించడం రెండోది. అప్పుడప్పుడైతే మంచిదే, రోజూ అయితే ఆ పిల్ల నేర్చుకునేదెప్పుడు? ప్రతి క్విజ్‌కీ, ప్రతి స్టేజికీ తననే ఎక్కించడం మూడోది. అది స్కూల్ పేరు కోసం, పిల్ల కోసం కాదు.

7. ఐక్యూ టెస్ట్: ఎవరికి, ఎప్పుడు

రెండు సందర్భాల్లో చేయించండి. డబుల్ ప్రమోషన్ దాకా మాట వచ్చినప్పుడు, లేదా నాలుగో అడుగులో చెప్పినట్టు మాటకీ రాతకీ పొంతన లేనప్పుడు. ఉట్టి కుతూహలానికి వద్దు.

ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికే వెళ్లండి. నంబరు అడగడానికి మొహమాటపడొద్దు. మన దగ్గర ఎక్కువగా వాడేవి బినే-కామత్, మాలిన్ తయారుచేసిన పిల్లల స్కేల్, వెష్లర్ స్కేల్. బొమ్మలతోనే సాగే రేవెన్ కలర్డ్ మ్యాట్రిసెస్ కూడా ఉంది. మాలిన్‌దీ, వెష్లర్‌దీ ఆరేళ్లు నిండినవాళ్లకి. మాటలతో అడిగే భాగం ఏ భాషలో చేస్తారో ముందే కనుక్కోండి. తెలుగులో ఆలోచించే పిల్లని కన్నడలోనో, సరిగ్గా రాని ఇంగ్లీష్‌లోనో అడిగితే వచ్చే అంకె ఆ భాషది అవుతుంది, పిల్లది కాదు. భాషతో పనిలేని భాగం స్కోరు విడిగా ఇమ్మనండి.

సగటు 100. 130 దాటేవాళ్లు నూటికి ఇద్దరు. 128కీ 131కీ నిజానికి తేడా ఏమీ లేదు. జ్వరం, ఆకలి, కొత్త మనిషి ముందు బెదురు, వీటితోనే అంత మారుతుంది. రిపోర్టులో చివరి అంకె ఒక్కటే చూడకుండా, ఏ భాగంలో ఎంత వచ్చిందో వివరంగా చెప్పించుకోండి. స్కూల్‌కి పనికొచ్చేది అదే. ముందు ప్రాక్టీస్ చేయించొద్దు, నచ్చలేదని రెండు నెలలకే మళ్లీ రాయించొద్దు. నెట్‌లో పది నిమిషాల్లో 145 ఇచ్చే టెస్టులు ఉన్నాయి, వాటి గురించి మాట్లాడటం కూడా దండగ.

ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) క్యాంపస్‌లో నయాస్ అని ఒక సంస్థ ఉంది, 1988లో మొదలైంది. ప్రతిభ ఉన్న పిల్లల చదువు మీద అక్కడ ఏళ్లుగా పరిశోధన జరిగింది. బాగా ముందున్న పిల్లలైతే వాళ్ల వెబ్‌సైట్ చూడండి. టెస్ట్ సెంటర్ అనుకుని పిల్లని తీసుకుని గేటు దాకా వెళ్లకండి.

8. ఆరు వారాలయ్యాక పనిచేసిందా లేదా చూడండి

మార్కులు చూడొద్దు, అవి మొదటినుంచీ బాగానే ఉన్నాయి. కొత్త పనిలో తప్పులు వస్తున్నాయా చూడండి. అన్నీ సరైపోతుంటే అది కూడా తేలిక పనే, వర్క్‌షీట్ రంగు మారిందంతే. పదికి ఏడెనిమిది సరై, రెండు మూడు దగ్గర తల గోక్కుంటుంటే సరిగ్గా కుదిరినట్టు.

ఆ రెండు మూడు దగ్గర ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడండి. ఇన్నాళ్లూ ఏదీ తప్పని పిల్లకి తప్పడం అంటే భయం. మొదటి వారం ఏడుపు, "నాకు రాదు" అని పుస్తకం మూసేయడం, కడుపునొప్పి, ఇవన్నీ ఉంటాయి. చూడలేక చాలామంది అమ్మలు అక్కడే ఆపేయమంటారు. మూడు వారాలు ఓపిక పట్టండి. నాలుగో వారంలోనూ స్కూల్‌కి వెళ్లనంటుంటే, నిద్ర పాడైతే, అప్పుడు తగ్గించమనండి. పూర్తిగా ఆపించొద్దు.

మిగతా గుర్తులు: సాయంత్రం వచ్చి స్కూల్లో జరిగిందేదో అడగకుండానే చెబుతోందా? ఆటల పీరియడ్లో తోడు ఉందా? "బోర్" తగ్గిందా? ఏదీ మారకపోతే టీచర్ దగ్గరికి మళ్లీ వెళ్లి, ఆరో అడుగులో తర్వాతి మెట్టు అడగండి. రెండుసార్లు ప్రయత్నించినా స్కూల్ కదలకపోతే కోఆర్డినేటర్‌ని కలవండి, టీచర్‌కి చెప్పే కలవండి. స్కూల్ మార్చడం ఆఖరి మాట. కొత్త స్కూల్లోనూ టీచర్ ఒప్పుకుంటేనే జరుగుతుంది.

9. స్కూల్ బయట

ఒలింపియాడ్ కోచింగ్, ఆరో తరగతి రాకముందే ఐఐటీ ఫౌండేషన్, వీటికి సాయంత్రాలు రాసివ్వకండి. రేపటి సిలబస్ ఈరోజే చెప్పేస్తే క్లాసులో ఇంకా బోర్. పక్కకి విస్తరించేవి వెతకండి. కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం ఉంది. అన్నీ ఒకే ఆదివారం చూపించకుండా ఒక్క అంతస్తుతో సరిపెట్టండి, మిగతాది ఇంకోసారి. నెహ్రూ ప్లానెటేరియంలో పిల్లల కార్యక్రమాలు జరుగుతుంటాయి. ఐఐఎస్‌సీ ఏడాదికొకసారి ఓపెన్ డే పెడుతుంది, తేదీ ముందే చూసుకుని పొద్దున్నే వెళ్లండి. తెలుగు పోకుండా ఉండాలంటే స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం, జనవిజ్ఞాన వేదిక వాళ్ల చెకుముకి పత్రిక తెప్పించుకోవచ్చు. ఇవేవీ కుదరకపోయినా పర్లేదు. విప్పి చూడటానికి ఒక పాడైపోయిన మిక్సీ, ఏ క్లాసూ లేని రెండు సాయంత్రాలు ఇవ్వండి. ప్లగ్ వైరు మాత్రం ముందే కత్తిరించేయండి.

చుట్టాలొచ్చినప్పుడు "అంకుల్‌కి రాజధానులు చెప్పమ్మా" అనడం కూడా ఆపేయాలి. పక్కనే తమ్ముడు నిలబడి వింటుంటాడు.

10. మార్చిలో ఈ పని మర్చిపోకండి

ఏడాదంతా కష్టపడి కుదుర్చుకున్నది కొత్త క్లాసు, కొత్త టీచర్ రాగానే మొదటికొస్తుంది. మాలో ఒకరి నుంచి ఒకరికి చేరే కాగితాల్లో మార్కులుంటాయి, ఇవి ఉండవు. సంవత్సరం ముగిసేలోపు ఇప్పటి టీచర్‌తో కూర్చుని ఒక పేజీ రాయించుకోండి: ఏ సబ్జెక్టులో ఏ పాఠం దాకా వచ్చేసింది, ఎక్కడ కంతలున్నాయి, ఏం చేసి చూశాం, ఏది పనిచేసింది, ఏది చేయలేదు. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి స్కూల్ ఫైల్లో. కొత్త టీచర్‌కి మొదటి రోజే ఇవ్వకండి, ఆ వారం మాకు పిల్లల పేర్లే గుర్తుండవు. మూడో వారంలో ఇవ్వండి.